ఇంట్లో తూటాలు నింపుకోవడానికి ప్రోగ్రెసివ్ ప్రెస్ ఎలా ఎంచుకోవాలి

ప్రోగ్రెసివ్ ప్రెస్ అంటే పిడి లాగిన ప్రతిసారీ చాలా పనులు ఒకేసారి చేసి తూటాలు నింపే యంత్రం. దాని ప్రకటన ఏది చూసినా పెద్ద అక్షరాల్లో ఉండేది ‘గంటకు ఇన్ని రౌండ్లు’ అనే అంకె. కొనే ముందు ఆ అంకెను పూర్తిగా పక్కన పెట్టండి. ప్రతి కేస్‌లో మందు పడిందా, పడితే ఒక్కసారే పడిందా అన్నది బుల్లెట్ పెట్టే ముందు మీ కంటికి కనిపించాలి. ప్రెస్ ఎంపికంతా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరగాలి. మందు పడని కేస్‌లో ప్రైమర్ ఒక్కటే పేలి, బుల్లెట్ బ్యారెల్ మధ్యలో ఇరుక్కుంటుంది. అది గమనించకుండా ఇంకోటి కాలిస్తే బ్యారెల్ ఉబ్బుతుంది, లేదా పగులుతుంది. మందు రెండుసార్లు పడిన రౌండ్ తుపాకీని చేతిలోనే బద్దలు కొట్టగలదు. ఈ రెండు తప్పులూ బుల్లెట్ బిగించాక బయటికి కనపడవు.

ముందు మాటలు తేల్చుకుందాం. కాల్చగా మిగిలిన ఇత్తడి తొడుగు కేస్. దాని అడుగున కూర్చునే చిన్న బిళ్ల ప్రైమర్. లోపల పోసేది మందు. కొసన బిగించేది బుల్లెట్. నాలుగూ కలిస్తే రౌండ్.

మీకు ఇది చట్టబద్ధమేనా?

ఇది అమెరికాలో ఉంటున్న షూటర్ల కోసం రాసినది. అక్కడ సొంత వాడకానికి రౌండ్లు నింపుకోవడానికి ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు. అమ్మే ఉద్దేశంతో నింపితే టైప్ 06 ఫెడరల్ లైసెన్సు కావాలి. స్నేహితుడి దగ్గర డబ్బు తీసుకుని నింపి ఇచ్చినా ఆ గీత దాటినట్టే అనుకుని దూరంగా ఉండండి. రాష్ట్రం, ఊరు, అపార్ట్‌మెంట్ లీజు ఒక్కోచోట ఒక్కో నిబంధన పెడతాయి, అవి కూడా చదవండి.

తెలుగువాళ్లలో చాలామందికి వర్తించే సంగతి ఒకటుంది. హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీనే కాదు, తూటాలను దగ్గర పెట్టుకోవడం కూడా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటులో ఉన్న రాష్ట్ర వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. గ్రీన్ కార్డు వచ్చినవాళ్లకు ఈ నిషేధం వర్తించదు. మీ స్థితి మీద ఏమాత్రం అనుమానం ఉన్నా ప్రెస్ కొనే ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌ను అడగండి. ఇక్కడ పొరపాటు జరిగితే పోయేది వీసా.

ఇండియాలో ఇది ఇంట్లో చేసుకునే పని కాదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం నేరం. రేంజ్‌కు తీసుకెళ్లే సంచిని ఎప్పుడూ ప్రయాణానికి వాడకండి. అడుగున మర్చిపోయిన ఒక్క రౌండ్ శంషాబాద్ స్కానర్‌లో కనిపించినా కేసు అవుతుంది.

అడుగు 1: నెలకు ఎన్ని కాలుస్తారో రాసుకోండి

అంచనా వద్దు, పోయిన ఆరు నెలల్లో కొన్న పెట్టెలు లెక్కపెట్టండి. నెలకు 200 రౌండ్ల లోపైతే ప్రోగ్రెసివ్ ప్రెస్ అవసరమే లేదు. లీ క్లాసిక్ టరెట్ లాంటి టరెట్ ప్రెస్ చాలు. దానిలో ఒక రౌండ్‌కు నాలుగుసార్లు పిడి లాగాలి. ఒక్క కేసే కళ్లముందు ఉంటుంది కాబట్టి తప్పు జరిగే అవకాశం చాలా తక్కువ. 200 నుంచి 800 దాకా కాల్చేవాళ్లకు చేత్తో తిప్పే నాలుగు స్టేషన్ల (ఒక్కో పని జరిగే చోటు ఒక్కో స్టేషన్) ప్రోగ్రెసివ్ సరిపోతుంది. వేగం ఒక్కటే చూస్తే, నెలకు 800 దాటితేనో, యూఎస్‌పీఎస్‌ఏ (ప్రాక్టికల్ షూటింగ్ సంఘం) మ్యాచ్‌లకూ వాటి ప్రాక్టీసుకూ కలిపి వారం వారం వందల్లో కాలుస్తుంటేనో తనంతట తాను తిరిగే ఐదు స్టేషన్ల ప్రెస్‌కు, ఆపైవాటికి అర్థం ఉంటుంది.

తర్వాత ఏ క్యాలిబర్లో, అంటే ఏ సైజు తూటాలో, రాయండి. 9 ఎంఎం ఒక్కటేనా, .45 కూడానా, .223 రెమింగ్టన్ రైఫిల్ రౌండ్లు కూడానా? ఈ జవాబును బట్టి ప్రెస్ ఎంపిక సగం తేలిపోతుంది. రైఫిల్ కేస్‌కు సైజింగ్ (కేస్‌ను అసలు కొలతకు నొక్కడం) ముందు నూనె పట్టించాలి, సైజ్ చేశాక పొడుగు కొలిచి కత్తిరించాలి, ఆ తర్వాత నూనె తుడవాలి. .223 కేస్ గరిష్ఠ పొడుగు 1.760 అంగుళాలు, కత్తిరించాల్సిన కొలత 1.750. కాబట్టి రైఫిల్ రౌండ్ ఒక్క విడతలో తయారవదు, ప్రెస్ మీద రెండుసార్లు ఎక్కాలి. గంటకు ఇన్ని అని చెప్పే అంకెలు రైఫిల్ దగ్గర సగానికి సగం పడిపోయేది ఇందుకే.

అడుగు 2: ఒక్క లాగుడులో ఏం జరుగుతుందో అర్థం చేసుకోండి

మామూలు ప్రెస్‌లో ఒక డై, అంటే కేస్ మీద ఒక పని చేసే అచ్చు, ఉంటుంది. వంద కేస్‌లకు ఒక పని చేసి, డై మార్చి, మళ్లీ వందకూ రెండో పని చేస్తారు. ప్రోగ్రెసివ్‌లో గుండ్రటి షెల్‌ప్లేట్ చుట్టూ కేస్‌లు నిలబడి ఉంటాయి, పైన టూల్‌హెడ్‌లో డైలన్నీ వరసగా ఉంటాయి. పిడి ఒకసారి లాగితే ఒక్కో కేస్‌కు ఒక్కో పని ఏకకాలంలో జరుగుతుంది. ప్లేట్ ఒక మెట్టు తిరుగుతుంది. మళ్లీ లాగుతారు. ప్లేట్ నిండాక లాగిన ప్రతిసారీ ఒక రౌండ్ గిన్నెలో పడుతుంది.

పిస్టల్ రౌండ్‌కు జరిగే పనుల వరస ఇది: పాత ప్రైమర్ తీసి కేస్‌ను అసలు కొలతకు నొక్కడం, కొత్త ప్రైమర్ ఎక్కించడం, నోరు కొద్దిగా వెడల్పు చేసి మందు పోయడం, మందు ఎత్తు తనిఖీ, బుల్లెట్ దించడం, చివర నోటిని బిగించడం. ఈ ఆఖరి పనిని క్రింప్ అంటారు. చాలా ప్రెస్‌లలో ప్రైమర్ ఎక్కేది పిడిని ఎదురు దిశలో ముందుకు తోసినప్పుడు. ఆ తోపులో చేతికి తెలిసే స్పర్శ చాలా ముఖ్యం, దాని సంగతి కింద వస్తుంది.

అడుగు 3: స్టేషన్లు లెక్కపెట్టి, ఒక్కోదానికి పని అప్పగించండి

ఒక కాగితం తీసుకుని గళ్లు గీయండి. ప్రెస్‌కు ఎన్ని స్టేషన్లుంటే అన్ని గళ్లు. పై పనుల్ని వాటిలో సర్దండి. ఎక్కడ ఇరుకైందో మీకే తెలిసిపోతుంది.

మూడు గళ్లైతే సైజింగ్, మందు, బుల్లెట్‌తోనే నిండిపోతాయి. బుల్లెట్ దించడం, క్రింప్ ఒకే డైలో జరగాలి. తనిఖీ డైకి చోటు లేదు. లీ ప్రో 1000 ఈ తరగతి. నాలుగు గళ్లలో క్రింప్‌కు వేరే చోటు దొరుకుతుంది, తనిఖీ మాత్రం మీ కళ్లే చేయాలి. డిల్లన్ ఆర్‌ఎల్ 550, లీ ప్రో 4000 ఇలాంటివి.

ఐదు గళ్లు మా లెక్కలో సరైన మొదలు. సైజింగ్, మందు, తనిఖీ, బుల్లెట్, క్రింప్, ఒక్కోదానికి ఒక్కో చోటు. డిల్లన్ ఎక్స్‌ఎల్ 750, హార్నడీ లాక్-ఎన్-లోడ్ ఏపీ, ఆర్‌సీబీఎస్ ప్రో చకర్ 5 ఇక్కడికొస్తాయి. అయితే వీటికి బుల్లెట్ ఫీడర్ (బుల్లెట్లను తనంతట తాను అందించే పరికరం) తగిలిస్తే దానికీ ఒక గడి కావాలి. అప్పుడు చాలామంది చేసేది తనిఖీ డై తీసేయడం. దయచేసి అలా చేయకండి. తీయాల్సి వస్తే క్రింప్‌ను బుల్లెట్ డైలో కలపండి, తనిఖీని ఉంచండి. ఫీడర్ కచ్చితంగా కావాలనుకుంటే మొదటే ఆరు స్టేషన్ల లీ సిక్స్ ప్యాక్ ప్రో గానీ, ఏడు స్టేషన్ల ప్రో చకర్ 7 గానీ చూడండి.

డిల్లన్ ఆర్‌ఎల్ 1100కు ఎనిమిది, ఫ్రాంక్‌ఫోర్డ్ ఆర్సెనల్ ఎక్స్-10కూ మార్క్ 7 అపెక్స్ 10కూ పదేసి. ఇవి పెద్ద మొత్తంలో నింపేవాళ్లకు. 1100లో ఒక ప్రత్యేకత ఉంది. సైన్యం వాడిన 5.56 కేస్‌లలో ప్రైమర్ గుంట అంచు నొక్కి ఉంటుంది, కొత్త ప్రైమర్ ఎక్కదు. ఆ అంచును ఈ ప్రెస్ మీదే సరిచేయవచ్చు. మిగతా వాటిలో చాలామటుకు ఆ పని విడిగా, ముందే చేసుకోవాలి.

అడుగు 4: ప్లేట్ ఎవరు తిప్పుతారు?

అన్నిటికంటే ఎక్కువసేపు ఆలోచించాల్సింది ఇక్కడ.

చేత్తో తిప్పే ప్రెస్‌లో పిడి లాగాక చక్రాన్ని బొటనవేలితో మీరే ఒక మెట్టు జరుపుతారు. లాభమేంటంటే, ఏదైనా ఇరుక్కుంటే అన్నీ ఎక్కడివక్కడ ఆగుతాయి. మీరు చేయి వేయనిదే ఏదీ కదలదు. నష్టం కూడా అదే. ఫోన్ మోగింది, పిల్లలు పిలిచారు, ప్లేట్ తిప్పామో లేదో గుర్తులేదు. తిప్పకుండా మళ్లీ లాగితే అదే కేస్‌లో రెండోసారి మందు పడుతుంది.

తనంతట తాను తిరిగే ప్రెస్‌లో ఈ మరుపుకు తావు లేదు. మరి ప్రమాదం ఎక్కడుంది? మధ్యలో ఆగినప్పుడు. ప్రైమర్ అడ్డం తిరిగింది, పిడి సగంలో ఆగింది, మీరు వెనక్కి పోనిచ్చారు, మళ్లీ లాగారు. ఆ సగం లాగుడులో మందు పడిందా లేదా అన్నది మందు గిన్నె రకాన్ని బట్టి ఉంటుంది. ప్లేట్ తిరిగిందా లేదా అన్నది ప్రెస్ రకాన్ని బట్టి ఉంటుంది. హార్నడీ ఏపీలో ప్లేట్ సగం పైకి వెళ్లేటప్పుడు, సగం కిందికి వచ్చేటప్పుడు తిరుగుతుంది కాబట్టి మెల్లగా జరుగుతుంది. 750లో మెట్టంతా రామ్ (ప్లేట్‌ను పైకీ కిందికీ మోసే కడ్డీ) దిగేటప్పుడే. 1100లో ప్లేట్ ఉన్న ఎత్తులోనే ఉంటుంది, టూల్‌హెడే కిందికి దిగి పైకి లేస్తుంది. మీరు కొనే ప్రెస్ ఏ క్షణంలో తిరుగుతుందో, ఏ క్షణంలో మందు వదులుతుందో ఈ రెండూ కళ్లు మూసుకుని చెప్పగలిగేదాకా దానిమీద ప్రైమర్ పెట్టకండి.

రెండు రకాలకూ ఒకే కట్టుబాటు పనిచేస్తుంది: ఏ కారణంగా ఆగినా సరే, మందు స్టేషన్‌లో ఉన్న కేస్‌నూ దాని తర్వాతి కేస్‌నూ తీసి, మందును తిరిగి గిన్నెలో పోసి, ఆ కేస్‌లను మళ్లీ మొదటినుంచి పంపండి. పోయేది ఒక నిమిషం.

కొత్తగా నేర్చుకునేవారికి ఏది మంచిది? మా అభిప్రాయం సూటిగా చెప్తాం. తనిఖీ డై పెట్టుకునే చోటున్న ఐదు స్టేషన్ల ఆటో ప్రెస్ కొనండి, నెమ్మదిగా నడపండి. చేత్తో తిప్పేదాన్ని కొనేవాళ్లు గదిలో ఒంటరిగా, ఫోన్ ఆపి కూర్చోగలవాళ్లై ఉండాలి.

అడుగు 5: తనిఖీ డై, దీపం, మందు రకం

తనిఖీ డైలు మూడు రకాలు. హార్నడీ పౌడర్ కాప్‌లో సన్నటి కడ్డీ మందు మీద నిలబడి పైకి లేస్తుంది, దానిమీది గీత ఎంత ఎత్తులో ఉందో మీరు చూడాలి. డిల్లన్ పౌడర్ చెక్ తేడా వస్తే బజర్ మోగిస్తుంది. ఆర్‌సీబీఎస్ లాకౌట్ డై ప్రెస్‌నే ఆపేస్తుంది. ఏదైనా సరే, వీటికి దొరికేది పెద్ద తేడా: అసలు మందు లేకపోవడం, రెండింతలు పడటం. అరగ్రెయిన్ (గ్రెయిన్ అంటే మందు తూచే చిన్న కొలత) తేడాను ఇవి పట్టుకుంటాయని అనుకోవద్దు. దానికి తక్కెడే దిక్కు.

వీటన్నిటికంటే ముందు కావాల్సింది దీపం. టూల్‌హెడ్ అడుగున అంటించే చిన్న ఎల్ఈడీ పట్టీ ఒకటి, బుల్లెట్ పెట్టే స్టేషన్‌లో వెలుతురు నేరుగా కేస్ నోట్లోకి పడేలా అమర్చండి. కూర్చుని నింపేవాళ్లు కుర్చీ ఎత్తు మార్చుకోండి. బుల్లెట్ పట్టుకున్న ఎడమ చేయి కేస్ మీదికి వెళ్లేలోపు కన్ను లోపలికి పోవాలి. సరిగ్గా పడిన మందు కేస్ గోడమీద ఒక బూడిద రంగు గీతలా, ప్రతిసారీ అదే ఎత్తులో కనపడుతుంది. యాభై కేస్‌లు చూశాక ఆ ఎత్తు మీ కంటికి అలవాటైపోతుంది. వెలితి పడ్డా, నిండుగా పడ్డా చేయి దానంతట అదే ఆగుతుంది.

మందు రకం కూడా ప్రెస్ భద్రతలో భాగమే. కొన్ని పిస్టల్ మందులు ఎంత కొంచెం సరిపోతాయంటే, 9 ఎంఎం కేస్‌లో రెండు మోతాదులు పోసినా పైకి పొర్లవు. అలాంటిది ప్రోగ్రెసివ్‌లో వద్దు. కేస్‌లో సగం కంటే ఎక్కువ నిండే, రెండుసార్లు పడితే ఒలికిపోయే మందును మందు కంపెనీ ప్రచురించిన పట్టికలోంచి ఎంచుకోండి. మోతాదు ఎంతన్నది ఆ పట్టికలోంచే తీసుకోవాలి. పట్టికలో ‘మొదలు’ అని ఇచ్చిన అంకెతోనే ప్రారంభించండి. ఎవరో చెప్పిన మోతాదు ఎంత నమ్మకస్తుడు చెప్పినా పనికిరాదు. ఇక రైఫిల్‌కు: కడ్డీ ముక్కల్లా ఉండే మందు కొలత గిన్నెలో అడ్డుపడి, విరిగి, హెచ్చుతగ్గులుగా పడుతుంది. గుండ్రటి రేణువుల మందు నీళ్లలా జారుతుంది, ప్రోగ్రెసివ్‌కు అదే నప్పుతుంది.

అడుగు 6: ప్రైమర్లు ఎలా వస్తాయో చూడండి

చాలా ప్రెస్‌లలో ప్రైమర్లు ఒక్కో గొట్టంలో వందేసి నిలువుగా పేర్చి ఉంటాయి. వంద పేలుడు బిళ్లలు ఒకదానిమీద ఒకటి, మీ ముఖానికి అడుగున్నర దూరంలో. కాబట్టి ఆ గొట్టం చుట్టూ ఉక్కు కవచం ఉందా అన్నది మొదటి ప్రశ్న. కళ్లద్దాలు పెట్టుకోకుండా పిడి ముట్టుకోకండి. గొట్టంలో ప్రైమర్ దిగకపోతే కడ్డీతో కొట్టడం, బలంగా పొడవడం అసలు చేయకూడదు. గొట్టం తీసి, ఖాళీ చేసి, కారణం వెతకండి. నూటికి తొంభైసార్లు కారణం గొట్టం కొసన ఉండే ప్లాస్టిక్ మొన అరిగిపోవడమో, ప్రైమర్‌ను కేస్ కిందికి చేర్చే జారుడు పట్టీ కింద మందు రేణువులు చేరడమో.

రెండో ప్రశ్న: కేస్ లేనప్పుడు ప్రైమర్ ఏమవుతుంది? పాత డిల్లన్ ఎక్స్‌ఎల్ 650లో ప్రైమర్ల చక్రం ప్రతి లాగుడుకీ తిరిగేది, వాడని ప్రైమర్ బయటికి జారిపోయేది. 750లో జారుడు పట్టీ పెట్టారు, వాడని ప్రైమర్ కప్పులోనే ఆగుతుంది. పాత 650 చవకగా దొరికితే ఈ తేడా గుర్తుంచుకోండి. అది లోపం కాదు, పద్ధతి వేరు.

ప్రైమర్ కేస్ అడుగుకంటే కొద్దిగా లోపలికి, 0.003 నుంచి 0.005 అంగుళాలు, దిగి ఉండాలి. వేలికొనతో అడుగును తడిమితే చిన్న గుంటలా తగలాలి. ఉబ్బెత్తుగా తగిలితే ఆ రౌండ్ పక్కకు.

అడుగు 7: క్యాలిబర్ మార్చడానికి అయ్యే ఖర్చు

ప్రెస్ ధర ఒకసారి పెట్టేది. రెండో క్యాలిబర్, మూడో క్యాలిబర్ ఖర్చు మాత్రం వెంటాడుతూనే ఉంటుంది. కొనే ముందు కాగితం మీద కూడండి: షెల్‌ప్లేట్, మందు గొట్టంలో పెట్టే ఫనెల్, కేస్ ఫీడర్ ప్లేట్, డైల సెట్టు, విడి టూల్‌హెడ్.

డిల్లన్ 550, 750లలో టూల్‌హెడ్ మొత్తం ఊడి వస్తుంది. డైలు సర్దినవి సర్దినట్టే ఉంటాయి, మరో క్యాలిబర్‌కు ఇంకో టూల్‌హెడ్ దూర్చేయొచ్చు. హార్నడీలో ఒక్కో డైకి బుషింగ్ (డైని పట్టుకునే కడియం) ఉంటుంది, కొద్దిగా తిప్పి తీసి ఇంకోటి పెట్టొచ్చు. దాదాపు అన్ని ప్రెస్‌లూ 7/8 అంగుళం, 14 మరల ప్రామాణిక డైలనే తీసుకుంటాయి. పాత డిల్లన్ స్క్వేర్ డీల్ బీ మాత్రం తన సొంత డైలే అడుగుతుంది, పిస్టల్ క్యాలిబర్లకే పనికొస్తుంది. సెకండ్‌హ్యాండ్‌లో చవకగా కనిపించినా ఇది చూసుకోండి.

9 ఎంఎం నుంచి .45కు మారేటప్పుడు ఇంకో చిక్కు. .45 కేస్‌లు రెండు రకాల ప్రైమర్ గుంటలతో వస్తాయి, పెద్దవి, చిన్నవి. పెద్ద ప్రైమర్ 0.210 అంగుళాలు, చిన్నది 0.175. రేంజ్‌లో ఏరిన కేస్‌లలో ఇవి కలిసే ఉంటాయి. చిన్న గుంటలోకి పెద్ద ప్రైమర్‌ను పిడి బలంతో నెట్టితే అది నలిగి పేలొచ్చు. .45 కేస్‌లను వెలుతురులో అడుగు చూసి ముందే వేరు చేయాలి, ప్రెస్ మీద కాదు.

పిస్టల్‌కు కార్బైడ్ సైజింగ్ డై తీసుకోండి. నూనె లేకుండానే నడుస్తుంది. అయినా కొద్దిగా స్ప్రే కొట్టి కలిపితే పిడి సగం బలంతో దిగుతుంది, ఐదొందల రౌండ్ల తర్వాత భుజం ఆ తేడా చెప్తుంది.

అడుగు 8: బల్ల

ప్రెస్ ఎంత మంచిదైనా బల్ల ఊగితే మందు ఒలుకుతుంది, ప్రైమర్లు పైకి ఉంటాయి. ముప్పావు అంగుళం ప్లైవుడ్ రెండు పొరలు కలిపి అంటించి, మరలు బిగించి పై పలక చేసుకోండి. బల్లను గోడలోని చెక్క స్టడ్‌లకు బిగించండి. ప్రెస్‌ను చెక్క మరలతో కాదు, ఆరపార బోల్టులతో, కింద వెడల్పాటి వాషర్లతో బిగించాలి. పిడి పూర్తిగా కిందికి లాగినప్పుడు మోచేయి నడుముకు దగ్గరగా రావాలి, భుజం వంగకూడదు. కొనే ముందు బల్లమీద చీపురు కర్ర పట్టుకుని ఆ ఎత్తు కొలిచి చూసుకోవచ్చు.

పక్కన కావాల్సినవి: తూకం రాళ్లతో కూడిన తక్కెడ, డిజిటల్ క్యాలిపర్, బుల్లెట్ పీకే సుత్తి, రౌండ్ కొలత సరిపోయిందో చూసే మీ క్యాలిబర్ గేజ్. ఎలక్ట్రానిక్ తక్కెడ ఫ్యాన్ గాలికీ ట్యూబ్‌లైటుకూ కూడా తొణుకుతుంది, మొదలుపెట్టే ముందూ ప్రతి వందకూ తూకం రాయితో సరిచూడండి.

అడుగు 9: మొదటి రోజు

మొదటి యాభై కేస్‌లు ప్రైమర్ లేకుండా, మందు లేకుండా నడపండి. సైజింగ్ ఎలా తగులుతుంది, ప్లేట్ ఎప్పుడు టక్‌మంటుంది, రౌండ్ ఎలా జారుతుంది అన్నవి చేతికి పట్టాలి. తర్వాత ఒక్క కేస్‌ను మాత్రమే ప్లేట్ మీద పెట్టి, అన్ని స్టేషన్లూ తిప్పి ఒక రౌండ్ పూర్తి చేయండి. అలా పది.

మందు గిన్నె నింపాక మొదటి పది మోతాదులు తూచకుండా తిరిగి పోసేయండి. మందు సర్దుకోవడానికి అంత పడుతుంది. తర్వాత పదింటిని ఒక్కొక్కటిగా తూచండి. నడుస్తున్నప్పుడు ప్రతి ప్రైమర్ గొట్టం నింపినప్పుడల్లా, అంటే వందకోసారి, ఒక మోతాదు తూచండి. గిన్నెలో మందు మూడో వంతు కంటే దిగనివ్వకండి, బరువు తగ్గితే మోతాదూ మారుతుంది.

చాలామంది ఇక్కడే బోల్తా పడతారు: బుల్లెట్ లోతును ఒక్క కేస్ పెట్టి సర్దుతారు. ప్లేట్ నిండాక సైజింగ్ డై ఒకవైపు ఎదురు తోస్తుంది, టూల్‌హెడ్ వెంట్రుకవాసి లేస్తుంది, రౌండ్లు పొడవవుతాయి. కాబట్టి అన్ని స్టేషన్లలోనూ కేస్‌లు ఉన్నప్పుడే ఆఖరి కొలత సర్దాలి. 9 ఎంఎం రౌండ్ మొత్తం పొడుగు 1.169 అంగుళాలు దాటకూడదు. మీ బుల్లెట్‌కు పట్టిక చెప్పిన పొడుగు అంతకంటే తక్కువే ఉండొచ్చు, దాన్నే పాటించండి. బుల్లెట్ మరీ లోతుకు దిగితే లోపల ఖాళీ తగ్గి ఒత్తిడి పెరుగుతుంది.

మధ్యమధ్య వచ్చే ఇబ్బందులు:

ప్లేట్ తిరిగేటప్పుడు మందు చిందుతోంది. ప్లేట్ చివర్లో ‘టక్’మని ఆగే కుదుపే కారణం. ప్లేట్ కింది చిన్న గుండు వెనకున్న స్ప్రింగ్ మరీ గట్టిగా ఉంటుంది, దాన్ని కొద్దిగా కురచ చేసినా, ప్లేట్ బోల్టు కింద పల్చటి బేరింగ్ వేసినా తగ్గుతుంది. పిడిని చివరి రెండంగుళాలు నెమ్మదిగా వదిలితే ఇంకా తగ్గుతుంది.

ప్రైమర్లన్నీ కొద్దిగా పైకే ఉంటున్నాయి. షెల్‌ప్లేట్ బోల్టు వదులైంది. ప్లేట్ ఒరిగితే ప్రైమర్ నిటారుగా దిగదు. ప్లేట్ ఆగకుండా తిరిగేంత వరకే బిగించి, పక్క మరతో లాక్ చేయండి. ప్రతి కూర్చోవడంలో మొదట దీన్నే చూడండి.

పిడి హఠాత్తుగా బరువెక్కింది. నెట్టకండి. ప్రైమర్ అడ్డం తిరిగి ఉండొచ్చు. అంచు నొక్కిన సైనిక కేస్ వచ్చి ఉండొచ్చు. నెమ్మదిగా వెనక్కి పోనిచ్చి, పైన చెప్పిన కట్టుబాటు ప్రకారం కేస్‌లు తీసేయండి.

పాత ప్రైమర్ బయటికి రాకుండా సూదికి అంటుకుని మళ్లీ లోపలికి పోతోంది. కొత్త ప్రైమర్ దానిమీద గుద్దుకుంటుంది. స్ప్రింగ్ ఉన్న డీక్యాపింగ్ సూది వేస్తే చాలావరకు పోతుంది.

అడుగు 10: మందు, ప్రైమర్లు, సీసం ఎక్కడ?

బల్లమీద ఒకే మందు డబ్బా ఉండాలి. గిన్నెలో ఉన్నది ఏ మందో చీటీ రాసి గిన్నెకే అంటించండి. పని అయ్యాక గిన్నెలోంచి దాని సొంత డబ్బాలోకే పోయండి. రాత్రంతా గిన్నెలో వదిలేస్తే రెండో రోజు ‘ఇది ఏ మందు’ అనే ప్రశ్న వస్తుంది, ఆ ప్రశ్న వచ్చిన మందును పారేయడం తప్ప దారి లేదు.

అగ్నిమాపక ప్రమాణం ఎన్‌ఎఫ్‌పీఏ 495 ప్రకారం ఇంట్లో అసలు డబ్బాల్లో 20 పౌండ్ల దాకా పొగలేని మందు, 10,000 దాకా ప్రైమర్లు ఉంచుకోవచ్చు. 20 దాటి 50 పౌండ్ల దాకా అయితే అంగుళం మందం చెక్క పెట్టె కావాలి. మీ కౌంటీలో, మీ బీమా పాలసీలో హద్దు ఇంకా తక్కువ ఉండొచ్చు. మందును ఉక్కు గన్ సేఫ్‌లో పెట్టకండి, మంటల్లో గట్టిగా మూసిన ఉక్కు పెట్టె బాంబులా తయారవుతుంది. డాలస్, ఫ్రిస్కో ఎండల్లో గ్యారేజ్ లోపల వేడి మందును పాడుచేస్తుంది. ప్రెస్ గ్యారేజ్‌లో ఉన్నా సరే, మందును చల్లటి, పొడి గదిలో తాళం వేసి ఉంచండి. డబ్బా తెరవగానే ఘాటైన పులుపు వాసన వచ్చినా, ఎర్రటి దుమ్ము కనపడినా వాడకండి.

కాల్చిన ప్రైమర్ల మసిలో సీసం ఉంటుంది. కేస్‌లను పొడిగా దొర్లించే యంత్రం మూత తీసినప్పుడు లేచే దుమ్ములోనూ అదే. వంటింట్లో, పిల్లలు పాకే గదిలో ఈ పని వద్దు. నీళ్లతో కడిగే యంత్రం మంచిది, ఆ నీళ్లు కూడా వంటింటి సింకులో పోయకూడదు. తర్వాత చల్లటి నీళ్లతో సబ్బు రాసి చేతులు కడుక్కుని, చొక్కా మార్చుకుని ఇంట్లోకి రండి. బల్ల దగ్గర టీ కప్పు కూడా పెట్టుకోకండి.

పాతది కొంటున్నారా?

ప్రోగ్రెసివ్ ప్రెస్‌లు దశాబ్దాలు నడుస్తాయి, కాబట్టి సెకండ్‌హ్యాండ్ మంచి దారే. వెళ్లేటప్పుడు మీ క్యాలిబర్ కేస్‌లు పది తీసుకెళ్లండి. ప్రైమర్, మందు లేకుండా నడపమని అడగండి. రామ్ పైకి తీసుకెళ్లి టూల్‌హెడ్‌ను చేత్తో ఊపి చూడండి, ఊగితే మందు మోతాదు నుంచి బుల్లెట్ లోతు దాకా అన్నీ ఊగుతాయి. ప్లేట్ ప్రతి మెట్టులోనూ కేస్‌ను డై కింద సూటిగా నిలబెడుతోందో లేదో చూడండి. ప్రైమర్ పట్టీకి తుప్పు, రామ్ మీద గీతలు, మందు గిన్నె ప్లాస్టిక్‌కు పసుపు మరక ఉన్నాయేమో గమనించండి. పసుపు మరక అంటే మందు చాలాకాలం అందులోనే ఉండిపోయిందన్నమాట, గిన్నె మార్చుకుంటే సరిపోతుంది. తయారీదారు వారంటీ రెండో యజమానికి వర్తిస్తుందో లేదో మోడల్ పేరు చెప్పి ముందే కనుక్కోండి. అమ్మేవాళ్లు ప్రెస్‌తోపాటు సగం మిగిలిన మందు డబ్బా, నింపిన రౌండ్ల సంచి ఉచితంగా ఇస్తామంటే ప్రెస్ మాత్రమే తీసుకోండి. ఇంకొకరు నింపిన రౌండ్లను మీ తుపాకీలో పెట్టకూడదు.